ఎక్కణ్ణుంచి కొలిచారు?

తెనాలిలో మా వీధికి ఈ ఏడాది మళ్ళీ సిమెంటు రోడ్డు వేశారు. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్తది పోయడం మా ఊళ్ళో ఆచారం. మా నాన్న ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి లోపలికి రావాలంటే మూడు మెట్లు ఎక్కాలి. నా పెళ్ళినాటికి ఒక మెట్టు మిగిలింది. ఇప్పుడు ఒక మెట్టు దిగాలి. వానొస్తే వీధిలో నీళ్ళు చుట్టపుచూపుగా మా ఇంటికొచ్చి నాలుగు రోజులుండి పోతున్నాయి. మొన్న పని చూడటానికొచ్చిన ఆయన నడుం మీద చేతులేసుకుని నిలబడి, "రోడ్డు బాగా ఎత్తు చేశామండి, ఇక మీకే ఇబ్బందీ ఉండదు" అన్నాడు.

"ఎక్కణ్ణుంచండి?" అన్నాను.

"నేనా? చీరాలండి" అన్నాడాయన.

మామూలుగా అయితే నవ్వేవాణ్ణి. నవ్వు రాలేదు. ఆ ప్రశ్న నాది కాదు. దాని సొంతదారు పోయి అప్పటికి పది రోజులు.

పోయిన సంగతి కాలేజీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ముందు దండాలొచ్చాయి, తర్వాత పూలొచ్చాయి. ఒకాయన పొరపాటున బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టి, నాలుక్కరుచుకుని తీసేసి, దండం పెట్టాడు. గంట తిరక్కుండా అదే గ్రూపులో పరీక్ష డ్యూటీల జాబితా వచ్చింది. దానికీ దండాలే వచ్చాయి.

మేం ఆవిణ్ణి మేడమ్ అనేవాళ్ళం. పిల్లలు ఐసు మేడమ్ అనేవాళ్ళు. బాపట్ల దగ్గర్లో ఒక ప్రైవేటు కాలేజీలో ఆవిడ ఫిజిక్సు చెప్పేవారు, నేను ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. కాలేజీ పేరు చెప్పను. చెప్పినా పక్కదానికీ దానికీ తేడా మీకు తెలియదు, మాకే తెలియదు. ఆవిడ చదువంతా ధ్రువాల దగ్గరి మంచు మీద. అక్కడ నేలను కప్పేసి, కిలోమీటర్ల మందాన పరుచుకుని ఉంటుందే, ఆ మంచు ఏటేటా ఎంత పల్చబడుతోందో ఉపగ్రహాలతో కొలిచే పని. ఉత్తరాదిలో ఏదో పెద్ద సంస్థలో కొన్నేళ్ళు చేశారు. ప్రాజెక్టు అయిపోయింది, సొంతూరు రేపల్లె వచ్చేశారు, మా కాలేజీలో చేరారు. చేరాక కూడా ఆ పని మానలేదు. ఉపగ్రహం పంపే అంకెల్ని ఎవరైనా దించుకోవచ్చట. మధ్యాహ్నం మేమంతా డబ్బాలు విప్పుకుని ఎవరింట్లో పప్పుచారు ఎలా పెడతారో చర్చిస్తుంటే, ఆవిడ కుడిచేత్తో పెరుగన్నం తింటూ ఎడంచేత్తో లాప్‌టాప్‌లో అంటార్కిటికాను తిప్పుతుండేవారు.

ఐసు అనే మాటకు మా కాలేజీలో రెండో అర్థం కూడా ఉంది. పైవాళ్ళను పొగిడి పని చేయించుకోవడాన్ని ఐసు పెట్టడం అంటారు. ఆ ఐసు గురించి మాత్రం ఆవిడకేమీ తెలియదు. మాకు తెలిసింది అదొక్కటే.

కుర్చీలో కూర్చోబోయే ముందు దాని వీపు మీద చెయ్యేసి ఒకసారి ఊపి చూసేవారు. టీ గ్లాసును ఎత్తిన చోటే, బల్ల మీద పడిన తడి గుండ్రంలోనే, మళ్ళీ పెట్టేవారు. హ్యాండుబ్యాగులో స్టీలు టేపు ఉండేది. ఎవరైనా ఎత్తు అన్నా, ఎక్కువ అన్నా, పైకి అన్నా తల కొంచెం పక్కకు వంచి, ఎంతో మర్యాదగా, "ఎక్కణ్ణుంచండి?" అనేవారు. ఎగతాళి కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగేవారు. అదే వచ్చిన చిక్కు.

ఎందుకంటే మా వైపు ఆ ప్రశ్నకు ఒక స్థిరమైన అర్థం ఉంది. ఎక్కణ్ణుంచండి అంటే ఊరు చెప్పాలి. ఊరు చెబితే ఏ పేట అంటారు. పేట చెబితే ఎవరి తాలూకు అంటారు. అక్కడితో ఇక ఏమీ అడగరు, కావలసింది తెలిసిపోయింది. ఆవిడ చేరిన మొదటి వారం మా కామర్స్ ఆయన స్టాఫ్‌రూములో, "మా అల్లుడు ఈ మధ్య బాగా పైకొచ్చాడు మేడమ్" అన్నాడు.

"ఎక్కణ్ణుంచండి?"

"పొన్నూరండి."

"కాదండి. ఎక్కణ్ణుంచి పైకి?"

ఆయన కాసేపు ఆలోచించి, "పొన్నూర్లో బస్టాండు దగ్గరండి" అన్నాడు. తర్వాత నన్ను వరండాలోకి లాక్కెళ్ళి, "ఏంటండీ, మన పుట్టుపూర్వోత్తరాలు ఆవిడకెందుకంట? వాళ్ళు చర్చివాళ్ళేగా?" అన్నాడు. నేను నవ్వాను. ఆ రోజుల్లో నేను ప్రతిదానికీ నవ్వేవాణ్ణి. సరదా మనిషినని మంచి పేరుండేది.

ఆవిడ రేపల్లె బండిలో తెనాలి వచ్చి, అక్కడ బాపట్ల బండి అందుకునేవారు. నేనూ ఆ బండికే. ప్లాట్‌ఫారం చివర, ఊరి పేరున్న పసుపు బోర్డు కింద నిలబడేవారు. ఆ బోర్డు మీద అడుగున చిన్నక్షరాల్లో సముద్రమట్టం నుంచి ఆ స్టేషను ఎంత ఎత్తులో ఉందో రాసి ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా ఆ స్టేషన్లో బండెక్కుతూ నేనది చదవలేదు.

"ఈ చుట్టుపక్కల మర్యాద తెలిసింది ఈ బోర్డుకొక్కదానికేనండి" అనేవారు. "ఎత్తు చెప్పి, ఎక్కణ్ణుంచో అడక్కుండానే చెబుతుంది."

అందరూ అడిగేదే నేనూ అడిగాను, అంటార్కిటికా వెళ్ళారా అని.

"లేదండి. అక్కడ నిలబడితే కనబడదు."

బండి ఎప్పటిలాగే ఆలస్యం. అందుకని ఆ రోజు నాకు మొత్తం చెప్పారు. ఉపగ్రహం పైనుంచి వెలుతురు చుక్కలు వేస్తుంది. అవి మంచును తాకి వెనక్కి రావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తే దూరం తెలుస్తుంది. ఇంతేనా అన్నాను. ఇంతేనన్నారు. కాకపోతే ఆ క్షణాన ఉపగ్రహం తానెక్కడుందో ముందు తేలాలి. "కొలిచేవాడు తను నిలబడ్డ చోటు చెప్పాలండి. అది చెప్పకపోతే మిగతాదంతా కవిత్వం." నేను పిల్లలకు చెప్పేది కవిత్వమే కాబట్టి దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను. ఇంకోటేమిటంటే, కొత్తగా కురిసిన మంచు మరమరాల బస్తా లాంటిదట. చూడటానికి ఎత్తుగా ఉంటుంది, లోపల సరుకుండదు. అది అణిగేదాకా ఆగాలి, లేదా ఎంత అణుగుతుందో లెక్క కట్టాలి. మంచు పెరిగింది, మరేం భయం లేదు అని ఎవరైనా అంటే సగం సార్లు వాళ్ళు చూసింది మరమరాలేనని ఆవిడ అభిప్రాయం. ఉపగ్రహం ఉత్తరానికి వెళ్ళే దారీ దక్షిణానికి వచ్చే దారీ పడుగూ పేకా లాగా ఒకదాన్నొకటి దాటే చోట్లుంటాయి. అదే చోట అప్పుడెంత, ఇప్పుడెంత అని చూస్తారు. క్లాసులో ఇది చెప్పినప్పుడు చీరాల నేతవాళ్ళమ్మాయి ఒకతె అందరికంటే ముందు తలూపిందట. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆవిడ మొహం వెలిగింది. నేను ఆవిడ మొహం వెలగడం చూసింది రెండు మూడుసార్లే.

ఆ మంచు సంగతి నిజంగా పట్టించుకున్నది కాలేజీలో ఒక్క మనిషి, మా ఆయా. రేపల్లె అవతలి పల్లె నుంచి వచ్చేది. పొద్దున్నే చీపురు గోడకానించి, ఆసుపత్రిలో ఉన్న మేనత్త గురించి అడిగినట్టు అడిగేది.

"ఎట్టుందమ్మా ఇయ్యాల?"

"తగ్గిందమ్మా."

"అయ్యో. ఏం చెయ్యలేరా?"

"చెయ్యొచ్చు. చెయ్యరు."

"అంతేలే" అని చీపురు అందుకునేది.

రోజూ ఇదే మాట, ఇదే జవాబు. స్టాఫ్‌రూమంతా ముసిముసి నవ్వులు. వాళ్ళిద్దరూ నవ్వేవాళ్ళు కాదు.

ఇక నా సంగతి. ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు సగం కమిటీలకు కన్వీనరుగా ఉంటాడు, ఉత్తరాలు రాయడం వచ్చని. బయటివాళ్ళకు సాంకేతిక సలహాలిచ్చే కమిటీకి కూడా నేనే కన్వీనరుని. నాకు బల్బు మార్చడం రాదు. రేపల్లె అవతల, మురుగుకాలువ కట్ట పక్కన, ఇల్లు లేనివాళ్ళకు ఒక కాలనీ కట్టాలని తలపెట్టారు. స్థలం ఎత్తు సరిపోతుందని ఏదో ఒక కాలేజీ ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. ధ్రువాలు కొలిచిన మనిషే మన దగ్గరుంది కదా అని మా ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు. ఆ కాలనీలో మా ఆయాకు ఇల్లు మంజూరైంది. పుట్టిందగ్గర్నుంచి అన్న వసారాలోనో, ఆడబిడ్డ వసారాలోనో బతికిన మనిషి. వారం రోజులు కాలేజీ మొత్తాన్ని రెండేసిసార్లు ఊడ్చింది.

మేడమ్ వెళ్ళి చూశారు. అప్పటికే అక్కడివాళ్ళు కొలిచిపెట్టారు, మనిషెత్తుకు పైనే ఉందన్నారు.

"ఎక్కణ్ణుంచండి?"

"కాలువ అడుగు నుంచి మేడమ్."

కాలువ అడుగు నుంచి కొలిస్తే మా వైపు ఎత్తులో లేనిదేదీ ఉండదు. ఆవిడ లెవెల్ చూసే పరికరం అరువు తెచ్చుకుని, ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని, ఆదివారాలు చర్చిలో ఆరాధన అయ్యాక, రేపల్లె స్టేషను బోర్డు మీద రాసిన ఎత్తును అక్కణ్ణుంచి మజిలీ మజిలీగా కాలనీదాకా మోసుకెళ్ళారు. మూడు ఆదివారాలు పట్టింది. తేలిందేమిటంటే, సముద్రం పోటు మీదున్నప్పుడు కాలువలో నీళ్ళు ఎగదన్ని ఎక్కడిదాకా వస్తాయో, అక్కడే ఆ ఇళ్ళ గడపలుంటాయి. స్థలంలో పోసిన మట్టి కూడా వారం కిందట లారీల్లో తెచ్చి గుమ్మరించింది. చేత్తో తీసి చూపించి, "మరమరాలండి" అన్నారు.

ప్రిన్సిపాల్ గదిలో నేనూ ఉన్నాను.

"సముద్రం అంత దూరాన, కాలనీ ఇక్కడ. మధ్యలో మీ మంచెందుకు మేడమ్?" అన్నారాయన.

"అంత మంచు ఒకచోట ఉంటే సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంటుందండి. కరిగితే పట్టు వదులుతుంది. అక్కడ నీళ్ళు దిగుతాయి. మనలాంటి దూరపు చోట్ల లేస్తాయి."

"అక్కడ కరిగితే ఇక్కడా? అది అన్యాయం కదా?"

"అవునండి. ఫిజిక్సులో ఆ చాప్టర్ లేదు."

"ఊరికే ధ్రువీకరించమంటున్నాం. అంతేగా?"

"ధ్రువం అంటే కదలనిదని అర్థమండి" అన్నారావిడ. "నేను చూసింది కదులుతోంది."

సంతకం పెట్టలేదు. ఆ సాయంత్రం ఆయా స్టాఫ్‌రూముకొచ్చింది. చీపురు లేకుండా వచ్చింది.

"పెట్టమ్మా ఆ సంతకం. నువ్వు పెట్టకపోతే ఇళ్ళు ఇంకో ఊరికి పోతయ్యంట."

"అది మునిగే ఇల్లమ్మా."

"మునిగితే మునుగుద్ది. ముందు రానీ."

మేడమ్ టీ గ్లాసును తడి గుండ్రంలో కాకుండా పక్కన పెట్టారు. అలా పెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే. మర్నాటి నుంచి ఆయా మంచు ఎట్టుందని అడగడం మానేసింది.

ఆవిడ ఇచ్చిన నివేదికలో ఎత్తు సరిపోతుందన్న అక్కడివాళ్ళ మాటలు చేర్చి, భాష సరిచూడమని ప్రిన్సిపాల్ నాకు పంపారు. అందులో చివర ఆవిడది ఒక వాక్యం ఉంది. స్థలం ఎత్తుగా చూపిన అంకె కాలువ అడుగు నుంచి కొలిచిందనీ, సముద్రమట్టం నుంచి కొలిస్తే గడపలు పోటు నీళ్ళ మట్టంలోనే ఉంటాయనీ. చాలా తేట వాక్యం. భాషాపరంగా అందులో తప్పేమీ లేదు. తీసేశాను. ప్రవాహానికి అడ్డొస్తోందనుకున్నాను, అంటే అలా అనుకోవాలని నిర్ణయించుకున్నాను. 'అడిక్వేట్' అనే మాట రెండుసార్లొస్తే ఒకచోట 'శాటిస్‌ఫాక్టరీ' అని మార్చాను, అంత శ్రద్ధ తీసుకున్నాను. నిపుణులు సంతకం పెట్టాల్సిన గడిని ఎవరో అప్పటికే తీసేశారు. కన్వీనరు గడి మిగిలింది. పెట్టాను. పెన్ను బాగా రాసింది.

నన్నెవరూ బెదిరించలేదు. ఆశ చూపించలేదు. ఎవరైనా బెదిరించారని చెప్పుకోగలిగితే నాకీ రోత కొంత తగ్గేది.

ఇళ్ళు ఖాయమయ్యాయని తెలిసిన రోజు ఆయా నాకు కాయితం పొట్లంలో బెల్లం జిలేబీలు తెచ్చింది. "మీ చలవేనంట సార్" అంది. వేడిగా ఉన్నాయి. మూడు తిన్నాను.

మర్నాడు తెనాలి ప్లాట్‌ఫారం మీద, పసుపు బోర్డు కింద, మేడమ్ నా కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉన్నారు.

"చదివానండి. ఇంగ్లీషు చాలా బాగుంది" అన్నారు. తల పక్కకు వంచారు. "ఎత్తు సరిపోతుందని రాశారు. ఎక్కణ్ణుంచి కొలిచారు?"

"ప్రిన్సిపాల్ గది నుంచి మేడమ్" అన్నాను.

నాకది మంచి జోకులాగే అనిపించింది. నోట్లోంచి బయటపడిన క్షణం వరకూ అలాగే అనిపించింది. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. జవాబు వచ్చింది, రాసుకోవాలి అన్నట్టు తలూపారు. బండి ఆ రోజే టైముకొచ్చింది. ఇప్పటికీ నేను ఆ బోర్డుకు నాలుగు బెంచీల ఇవతలే నిలబడతాను.

మరుసటి ఏడు ఆవిడకు వర్క్‌లోడ్ లేదన్నారు. మా భాషలో దానర్థం ఇక రానక్కర్లేదని. వీడ్కోలు సభలో శాలువా కప్పింది నేనే, కల్చరల్ కమిటీకి కూడా కన్వీనరుని కదా. తర్వాత రేపల్లెలో పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నారనీ, మంచు పని ఇంకా చేస్తున్నారనీ వినడమే. నేను వెళ్ళలేదు. గంట ప్రయాణం, ఏళ్ళ తరబడి కుదరలేదు.

జ్ఞాపకార్థ కూడికకు మాత్రం వెళ్ళాను. వాళ్ళింటి ముందు షామియానా, దాని పక్కనే మా కాలేజీ కట్టించిన ఫ్లెక్సీ. 'ధ్రువతార నేలరాలింది' అని రాసి, మేడమ్ ఫొటోకు ఒక పక్క పెంగ్విన్నూ ఇంకో పక్క తెల్ల ఎలుగుబంటినీ నిలబెట్టారు. ఒకటి దక్షిణాన ఉండేది, ఒకటి ఉత్తరాన ఉండేది. ఆ రెండూ కలుసుకోవాలంటే మా ఫ్లెక్సీల మీదే కలుసుకోవాలి. కింద యాజమాన్యం ఫొటోలు మేడమ్ ఫొటో కంటే కొంచెం పెద్దవి. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక మా ప్రిన్సిపాల్ మైకు అందుకుని, ఆవిడ మనసు మంచులా చల్లనిదనీ, కాలేజీని ఎంతో ఎత్తుకు తీసుకెళ్ళారనీ అన్నారు. ఎక్కణ్ణుంచి అని అడిగే మనిషి లేదు. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను. అనడం అలవాటే.

ముందు వరసలో కూర్చున్న ఆయా లేచి నా దగ్గరకొచ్చింది. బాగా నలిగిపోయింది. "ఇంతదూరం వచ్చారు. మా ఇల్లు చూసిపోదురుగాని రండి సార్" అంది. షేర్ ఆటోలో వెళ్ళాం.

కాలనీలో రోడ్డు కొత్తగా పోశారు. ఆయా ఇంట్లోకి ఒక మెట్టు దిగాలి. లోపల గోడల మీద నడుం ఎత్తుదాకా సున్నం ఊడి, ఉప్పు పేరుకున్న తెల్లటి చార ఉంది. మంచం కాళ్ళ కింద ఇటుకలు. బియ్యం డబ్బా అటక మీద. తలుపు పక్కన గోడకు ఒక మేకు కొట్టి ఉంది. దాని కింద పెన్సిలుతో అడ్డంగా గీతలు, ఒక్కో గీత పక్కన తేదీ, ప్రతి తేదీ పక్కన 'మేకు నుంచి' అన్న రెండు మాటలు. ఆ దస్తూరీ నాకు తెలుసు. ప్రతి గీతకూ ఆ రెండు మాటలు రాశారు, ఒక్కచోట కూడా పైన చెప్పినట్టే అని వదిలేయలేదు.

"ఇల్లు కట్టిన మొదటి వానాకాలమే నీళ్ళొచ్చినయ్యి" అంది ఆయా. "మూడో రోజుకి వచ్చింది మేడమ్మ, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, టేపు పట్టుకుని. నేను చెప్పానా అనలా. ఒక్క మాటనలా. మేకు కొట్టి కొలుచుకుంది. అప్పణ్ణుంచి నీళ్ళొచ్చినప్పుడల్లా వచ్చేది. ఆ కాయితాలు ఎవరెవరికో పంపింది. మట్టన్నా పోయించమని తిరిగింది. ఆఫీసులో ఎత్తు సరిపోద్దని కాలేజీ కాయితం ఉందన్నారంట."

చివరి గీత మిగతావాటి కంటే పైన ఉంది, మేకుకు దగ్గరగా. దాని పక్కన తేదీ ఆవిడ దస్తూరీ కాదు. వంకరటింకర అక్షరాలు. 'మేకు నుంచి' అని మాత్రం అక్కడా ఉంది.

నేను ఏదో ఒకటి అనాలని, "మనిషి చాలా గొప్పదమ్మా" అన్నాను.

ఆయా కొంగుతో కుర్చీ తుడిచి, దాని వీపు మీద చెయ్యేసి ఒకసారి ఊపి చూసి, నా ముందుకు జరిపింది.

"ఆయమ్మ సంతకం పెట్టలేదని నెల రోజులు తిట్టుకున్నా సార్" అంది. "మీరు పెట్టారని జిలేబీలు తెచ్చిచ్చా."